రెండు నిమిషాల్లో టికెట్లు ఖాళీ: పెద్ద కాన్ఫరెన్సులకు ఖుర్రా ఎందుకు వచ్చింది?

2013 ఏప్రిల్ 25న, మన టైము ప్రకారం రాత్రి పదిన్నరకు, ఆపిల్ కంపెనీ తన వార్షిక డెవలపర్ల కాన్ఫరెన్స్ టికెట్లు అమ్మకానికి పెట్టింది. ఒక్కో టికెట్ 1,599 డాలర్లు. శాన్ ఫ్రాన్సిస్కో హాల్లో సీట్లు సుమారు 5,000. రెండు నిమిషాలు తిరగకముందే అన్నీ అయిపోయాయి. ఇక్కడ హైదరాబాద్‌లో ఎవరైనా కార్డు నంబరు కొట్టి, ఓటీపీ కోసం ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుంటే, అది వచ్చేలోపే అక్కడ అమ్మకం ముగిసిపోయి ఉంటుంది.

తర్వాతి ఏడాది ఆపిల్ పద్ధతే మార్చేసింది. ముందు వచ్చినవాళ్లకు ముందు అనే లెక్క పక్కన పెట్టి, కొన్ని రోజులపాటు పేర్లు తీసుకుని, కంప్యూటర్‌తో డ్రా తీసింది. మన ఇళ్లలో వాడే మాటలో చెప్పాలంటే, ఖుర్రా వేసింది. అదే ఏడాది గూగుల్ కూడా తన ఐ/ఓ కాన్ఫరెన్స్‌కు డ్రా పద్ధతికే వచ్చింది.

హజ్‌కు దరఖాస్తు పెట్టిన ఏ ఇంట్లోనైనా ఖుర్రా అంటే ఏమిటో వివరించనక్కర్లేదు. ఇండియా కోటా 1,75,025. అందులో ప్రైవేట్ టూర్లకు పోయే వాటా పోగా మిగిలింది రాష్ట్రాల వారీగా పంచుతారు. దరఖాస్తులు ఎక్కువైన చోట డ్రా తీస్తారు. కవర్ నంబరు జాబితాలో కనిపించిన ఇంట్లో షుక్రానా నమాజు, కనిపించని ఇంట్లో వెయిటింగ్ లిస్టు లెక్కలు. రానివాళ్లకు బాధ ఉంటుంది కానీ, మా వంతు ఇంకొకరు లాక్కున్నారనే కోపం పెద్దగా ఉండదు. ఈ తేడా చిన్నదేం కాదు. కాన్ఫరెన్సులు నడిపే కంపెనీలు చాలా ఏళ్లు తంటాలు పడి చివరికి చేరుకున్నది ఇక్కడికే.

ఇది మనకెందుకు అనిపించవచ్చు. టోలిచౌకిలోనో, గుంటూరు ఆనందపేటలోనో, కర్నూలు పాత బస్తీలోనో ఇంజనీరింగ్ చదివి యాప్‌లు రాస్తున్న పిల్లలున్న ఇళ్లు ఇప్పుడు తక్కువేం లేవు. ఆ పిల్లలకు ఇలాంటి కాన్ఫరెన్స్ అంటే తమాషా కాదు. ఉపన్యాసాల వీడియోలు తర్వాత నెట్‌లో ఎలాగూ వస్తాయి. కానీ ఆపిల్ కాన్ఫరెన్స్‌లో ల్యాబ్‌లు ఉండేవి. ఆ కంపెనీ ఇంజనీరే పక్కన కూర్చుని మన ప్రోగ్రామ్‌లో తప్పెక్కడుందో చూసేవాడు. రీసెర్చ్ కాన్ఫరెన్స్ అయితే పీహెచ్‌డీ సీటు ఇచ్చే ప్రొఫెసరూ, ఉద్యోగమిచ్చే కంపెనీ మనిషీ అక్కడే నిలబడి ఉంటారు. సీటు దొరికినవాడికీ దొరకనివాడికీ మధ్య తేడా ఒక్క వారానిది కాదు.

క్యూ ఎవరికి మేలు

ముందు వచ్చినవాళ్లకు ముందు అనేది వినడానికి ఇన్సాఫ్‌గానే ఉంటుంది. రేషన్ షాపు దగ్గరా, రైల్వే కౌంటర్ దగ్గరా మనకు తెలిసిన పద్ధతి అదే. పొద్దున్నే లేచి నిలబడ్డవాడికి దొరుకుతుంది, అందులో తప్పేముంది? నిలబడే క్యూలో పెద్ద తప్పు లేకపోవచ్చు. ఇంటర్నెట్ క్యూలో మాత్రం కష్టపడి నిలబడటం అనేదే లేదు. అక్కడ లెక్కకొచ్చేది నెట్ స్పీడు, కార్డు రకం, ఆ గంటకు మేలుకొని ఉండటం.

ఆపిల్ లెక్కలే చూడండి. 2010లో టికెట్లు అయిపోవడానికి ఎనిమిది రోజులు పట్టింది. 2011లో ఒక్క రోజు కూడా ఆగలేదు. 2012లో రెండు గంటలు. ఆ 2012 అమ్మకం ముందస్తు ప్రకటన లేకుండా, అమెరికా పశ్చిమ తీరంలో తెల్లవారుజామున సుమారు ఐదున్నరకు మొదలైంది. విచిత్రం ఏమిటంటే, కాన్ఫరెన్స్ జరిగే కాలిఫోర్నియాలోని డెవలపర్లే చాలామంది నిద్ర లేచేసరికి టికెట్లు లేవు. మన దగ్గర అప్పటికి సాయంత్రం ఆరు. ఆ గొడవ తర్వాత 2013లో ఒక రోజు ముందే టైము చెప్పారు. అందరూ సిద్ధంగా కూర్చున్నారు. ఫలితం ఆ రెండు నిమిషాలు. ముందుగా చెప్పడం మంచిదే, కానీ రద్దీ ఒక్క క్షణానికి కుదించుకుపోయింది, సర్వర్లు తడబడ్డాయి. మధ్యలో ఆర్డర్ ఆగిపోయిన కొందరికి ఆపిల్ తర్వాత ఫోన్ చేసి టికెట్ ఇవ్వాల్సి వచ్చింది.

గూగుల్‌దీ అదే కథ. 2011లో 59 నిమిషాలు, 2012లో ఇరవై నిమిషాలు. రీసెర్చ్ వైపు చూస్తే కృత్రిమ మేధలో అతి పెద్ద సదస్సుల్లో ఒకటైన న్యూరిప్స్ 2018లో మాంట్రియల్‌లో జరిగింది. దాని టికెట్లు పన్నెండు నిమిషాల్లోపే అయిపోయాయి. ఏళ్ల తరబడి పేపర్లు రాస్తున్నవాళ్లు బయట ఉండిపోయారు. 2019లో వాంకూవర్ సదస్సుకు వాళ్లూ లాటరీకే వచ్చారు.

మన ఇళ్లకు ఈ క్యూలో ఇంకో ఇబ్బంది ఉంది. వడ్డీ భయంతో క్రెడిట్ కార్డు జోలికే వెళ్లని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. డెబిట్ కార్డు ఉన్నా, రిజర్వ్ బ్యాంక్ 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డులో విదేశీ చెల్లింపు మొదట ఆపేసే ఉంటుంది. యాప్‌లోకి వెళ్లి దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. రెండు నిమిషాల అమ్మకంలో ఈ సంగతి అప్పుడే తెలిసిందంటే, ఆ ఏడాదికి అంతే సంగతులు.

ధర పెంచితే పోదా?

కామర్స్ చదివిన ఎవరికైనా ముందు తట్టే సమాధానం ఇది. కొనేవాళ్లు ఎక్కువ, సరుకు తక్కువ అంటే ధర తక్కువగా ఉందని అర్థం. పెంచండి, క్యూ దానంతటదే తగ్గుతుంది.

గూగుల్ కాన్ఫరెన్స్‌లో ఈ లెక్క కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. 2013లో మామూలు టికెట్ 900 డాలర్లు, విద్యార్థులకూ టీచర్లకూ 300. లోపలికి వెళ్లినవాళ్లకు ఉచితంగా ఇచ్చిన క్రోమ్‌బుక్ పిక్సెల్ ల్యాప్‌టాప్ ఖరీదు 1,299 డాలర్లు. అంటే టికెట్ కొన్నవాడికి ల్యాప్‌టాప్ మీదే లాభం. ఇలాంటప్పుడు నేర్చుకోవాలని వచ్చేవాళ్లతోపాటు కానుక కోసం వచ్చేవాళ్లూ క్యూలో ఉంటారు. కానుకలు తగ్గించడం కూడా న్యాయంగా పంచడంలో భాగమే అని చాలామందికి తట్టదు.

కానీ ధర ఒక్కదానితో పని జరగదు. 1,599 డాలర్లు అప్పటి రేటులో దాదాపు 87,000 రూపాయలు. దాన్ని 3,000 డాలర్లు చేసినా పెద్ద కంపెనీ ఉద్యోగికి పట్టదు, బిల్లు కంపెనీ కడుతుంది. సొంతంగా యాప్ రాసుకుంటున్నవాడికి 1,599 డాలర్లే కొండంత. వేలం పెడితే మరీ స్పష్టంగా జేబు బరువును బట్టి సీటు. ఎంత ఇవ్వగలడు అనేదీ ఎంత అవసరం అనేదీ ఒకటి కావు. ఆ డబ్బు తన జేబులోది కానప్పుడు అసలే కావు.

మధ్యే మార్గం ఒకటుంది. పైథాన్ భాష వాడేవాళ్ల అమెరికా సదస్సు పైకాన్‌లో కంపెనీ పంపిస్తే ఒక రేటు, సొంత డబ్బుతో వస్తే ఇంకో రేటు, విద్యార్థికి మరో రేటు ఉంటాయి. ప్రయాణ ఖర్చుకు సహాయ నిధి కూడా ఉంది, దానికి వేరే దరఖాస్తు. ఆపిల్ కూడా 2014లో విద్యార్థులకు 200 ఉచిత టికెట్లు విడిగా పెట్టింది, చేసి చూపించిన పనిని బట్టి ఎంపిక. డ్రా కంటే ఇలాంటి స్కాలర్‌షిప్పుల మీదే మన పిల్లలు ఎక్కువ దృష్టి పెట్టాలి. అక్కడ నసీబ్ కంటే పనికి విలువ. ఈ దారి ఉందని తెలియకే చాలామంది అటు చూడరు.

ఖుర్రా, జూదం ఒకటేనా?

లాటరీ అనే మాట వినగానే కొన్ని ఇళ్లలో పెద్దవాళ్లు ముఖం చిట్లిస్తారు. వాళ్ల అనుమానంలో అర్థముంది. తేడా మాత్రం తెలుసుకోవాలి. జూదంలో మనిషి తన డబ్బు పణంగా పెడతాడు. ఓడితే అది పోతుంది, గెలిస్తే అందరి డబ్బూ ఒకడికి వస్తుంది. ఖుర్రాలో పణం లేదు. హక్కు సమానంగా ఉన్నవాళ్లలో ఒకరిని ఎంచాల్సి వచ్చినప్పుడు ఎవరి ఇష్టాయిష్టాలూ పడకుండా చూసే పద్ధతి అది. రసూలుల్లా (సల్లల్లాహు అలైహి వసల్లం) ప్రయాణానికి బయలుదేరేటప్పుడు తన వెంట ఏ భార్య రావాలో ఖుర్రాతో తేల్చేవారని బుఖారీ హదీసుల్లో ఉంది. హజ్రత్ మర్యం బాధ్యత ఎవరికి దక్కాలో తేల్చడానికి కలాలు వేసిన సంగతి సూరా ఆలి ఇమ్రాన్‌లో ఉంది.

అందుకే కాన్ఫరెన్స్ డ్రాలో చూడాల్సిన మొదటి విషయం డబ్బు. పేరు ఇవ్వడానికి ఏమీ తీసుకోకుండా, ఎంపికైన తర్వాతే టికెట్ డబ్బు తీసుకుంటే అది శుభ్రమైన ఖుర్రా. పేరు ఇవ్వడానికే తిరిగిరాని పెద్ద రుసుము అడిగితే రెండుసార్లు ఆలోచించాలి, అవసరమైతే తెలిసిన ఆలిమ్‌ను అడగాలి.

ఒక్కరికి ఒక్క చీటీ

డ్రా తీసినంత మాత్రాన న్యాయం జరిగిపోదు. డబ్బాలో చీటీలు ఎలా పడ్డాయి అనేదే అసలు సంగతి. ఈ పాఠం తెలుగు కుటుంబాలకు బాగా దగ్గరిదైన హెచ్-1బీ వీసా లాటరీలో కనిపించింది.

ఏటా 85,000 వీసాలకు కంపెనీలు అభ్యర్థుల పేర్లు నమోదు చేస్తాయి. ఒక్కో నమోదుకు అప్పట్లో పది డాలర్లే. ఒకే మనిషి పేరు మూడు నాలుగు కంపెనీలతో వేయిస్తే అతనికి మూడు నాలుగు చీటీలు. 2023 మార్చిలో అర్హమైన నమోదులు 7.58 లక్షలు దాటితే, అందులో 4.08 లక్షలకు పైగా ఇలా ఒకటికంటే ఎక్కువ నమోదులు ఉన్నవాళ్లవే. నిజాయితీగా ఒక్కసారే పేరు ఇచ్చినవాడి అవకాశం అంతమేర పలచబడింది. మన ఊళ్ల నుంచి వెళ్లి మాస్టర్స్ చేసి, ఒకే ఒక్క కంపెనీ నమోదుతో డ్రాకు కూర్చున్న పిల్లలు ఎందరికో ఆ ఏడాది నష్టం జరిగింది. 2024లో పద్ధతి మార్చారు. ఎన్ని కంపెనీలు నమోదు చేసినా పాస్‌పోర్టు నంబరును బట్టి మనిషికి ఒక్క చీటీయే అయింది. ఆ ఏడాది అర్హమైన నమోదులు ఒక్కసారిగా 4.7 లక్షలకు పడిపోయాయి.

ఆపిల్ ఈ ముప్పును ముందే ఊహించింది. 2014 ఏప్రిల్ 3న డ్రా ప్రకటించినప్పుడు, ప్రకటన వచ్చేనాటికే డెవలపర్ సభ్యత్వం ఉన్నవాళ్లే అర్హులు అని షరతు పెట్టింది. ప్రకటన చూశాక కొత్త ఖాతాలు తెరిచి చీటీలు పెంచుకునే దారి మూసుకుపోయింది. పేర్లు ఇవ్వడానికి ఏప్రిల్ 7 వరకు గడువు. మొదటి నిమిషంలో ఇచ్చినా చివరి నిమిషంలో ఇచ్చినా ఒకటే. అమెరికావాడికీ అనంతపురంవాడికీ తేడా పోయింది కదా, అక్కడే న్యాయం మొదలైంది.

టికెట్ మీద పేరు ఉండి, గేటు దగ్గర గుర్తింపు కార్డు చూస్తేనే బ్లాక్ మార్కెట్ ఆగుతుంది. ఈ నిబంధన మన పిల్లలకు ఒక చిక్కు తెస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఎండీ, ఆధార్‌లో మొహమ్మద్, పాస్‌పోర్టులో మహమ్మద్ అని మూడు రకాలు ఉండటం మన ఇళ్లలో మామూలే. ఇంటిపేరు గడి ఖాళీ ఉన్న పాస్‌పోర్టులూ చాలా. ఒకే పేరు ఉంటే అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో ఎఫ్ఎన్‌యూ అని, అంటే మొదటి పేరు తెలియదని రాస్తారు. కాబట్టి డ్రాకు పేరు ఇచ్చేటప్పుడు ఇంట్లో పిలిచేదో, లింక్డిన్‌లో పెట్టుకున్నదో కాదు, పాస్‌పోర్టులో ఉన్నది ఉన్నట్టు, అక్షరం తప్పకుండా కొట్టాలి.

డ్రా చూడలేనివి

ఖుర్రాకు కళ్లు ఉండవు. అది దాని బలం, అదే దాని లోపం కూడా. తన పేపర్ ఎంపికైన విద్యార్థికీ, ఊరికే చూసిపోదామనుకున్నవాడికీ అది ఒకే అవకాశం ఇస్తుంది. పేపర్ చదవాల్సిన మనిషే హాలు బయట ఉంటే సదస్సుకే అర్థం లేదు. అందుకని వక్తలకు, పేపర్ రాసినవాళ్లకు, పనిచేసే వలంటీర్లకు సీట్లు ముందే పక్కన పెట్టి, మిగిలినవాటికే డ్రా తీయడం మంచి పద్ధతి. పక్కన పెట్టినవి ఎన్నో బయటకు చెప్పాలి. చెప్పకపోతే ఆ జాబితాలోకి సిఫారిష్‌లు దూరతాయి, ఆ తర్వాత డ్రా పేరుకే మిగులుతుంది. ఎన్ని పేర్లు వచ్చాయి, ఎన్ని సీట్లకు డ్రా తీశారు అనేది కంపెనీలు సాధారణంగా చెప్పవు. ఈ ఒక్క విషయంలో మన హజ్ కమిటీ జాబితాలే నయం. అక్కడ కవర్ నంబరు, వెయిటింగ్ నంబరు అందరికీ కనిపిస్తాయి.

గుంపుగా వచ్చేవాళ్లది ఇంకో సమస్య. నలుగురు కలిసి ఒక యాప్ చేస్తే నలుగురికీ విడివిడిగా డ్రా తీయడం వల్ల ఒకడికి వచ్చి ముగ్గురికి రాకపోవచ్చు. హజ్ దరఖాస్తులో దీనికి సులువైన జవాబు ఎప్పటినుంచో ఉంది. ఒక కవర్‌లో ఐదుగురు పెద్దవాళ్ల వరకు పేర్లు ఇవ్వచ్చు. కవర్ వస్తే అందరికీ వచ్చినట్టు, రాకపోతే ఎవరికీ రానట్టు. భార్యకు వచ్చి భర్తకు రాని పరిస్థితి ఉండదు. కాన్ఫరెన్సులు నడిపేవాళ్లు ఈ కవర్ పద్ధతిని చూసి నేర్చుకోవచ్చు.

ఏటా పేరు ఇచ్చి ఏటా రానివాళ్ల సంగతి? దీనికీ హజ్‌లో ఒక అనుభవం ఉంది. వరుసగా మూడేళ్లు రానివాళ్లకు నాలుగో ఏడాది డ్రా లేకుండా సీటు ఇచ్చే ఏర్పాటు ఒకప్పుడు ఉండేది. దయగల నియమమే. కానీ కేరళ, గుజరాత్ లాంటి దరఖాస్తులు ఎక్కువున్న చోట్ల ఈ పాతవాళ్లే కోటాలో పెద్ద భాగం తీసుకోవడంతో, కొత్తగా పెట్టేవాళ్లకు డ్రాలో మిగిలేది కొంచెమే. 2018 పాలసీలో ఆ కేటగిరీ తీసేశారు. ఏకంగా సీటు ఇచ్చే బదులు, రాని ప్రతి ఏడాదికీ ఒక చీటీ అదనంగా వేస్తే పాతవాళ్ల ఓపికకూ విలువ ఉంటుంది, కొత్తవాళ్లకూ తలుపు తెరిచే ఉంటుంది.

ఇక వెయిటింగ్ లిస్టు. టికెట్ బదిలీ కుదరదన్నప్పుడు, రాలేనివాళ్ల దగ్గర సీటు వెనక్కి తీసుకుని డబ్బు తిరిగిచ్చి, జాబితాలో తర్వాతివాళ్లకు ఇవ్వడమే సరైన ఏర్పాటు. విదేశాల నుంచి వచ్చేవాళ్లకు మాత్రం ఆ సీటు ఆఖరి వారంలో వస్తే దండగే. శాన్ ఫ్రాన్సిస్కోలో ఉండేవాడు బస్సెక్కి వెళ్లిపోతాడు. ఇక్కడివాడు నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ తేదీ కోసం చూడాలి. కెనడాలో జరిగిన 2018, 2019 న్యూరిప్స్ సదస్సులకు టికెట్, పేపర్ రెండూ ఉండి కూడా వీసా రాక ఆగిపోయిన ఆఫ్రికా పరిశోధకులు ఎందరో ఉన్నారు. డ్రా ఎంత శుభ్రంగా తీసినా, ఫలితం ఆలస్యంగా ఇస్తే విదేశీ అభ్యర్థికి ఆ సీటు కాగితం మీదే ఉంటుంది.

2020లో కరోనాతో ఆపిల్ తన కాన్ఫరెన్స్‌ను మొత్తం ఆన్‌లైన్‌లోకి మార్చి, అందరికీ ఉచితం చేసింది. 2022 నుంచి కొద్దిమందిని కంపెనీ ఆవరణకు కూడా పిలుస్తోంది. ఆ కొద్దిమందిని ఎంచుకునేది ఇప్పటికీ డ్రాతోనే. దానికి టికెట్ డబ్బు లేదు, కానీ విమానం, హోటల్ ఎవరివి వాళ్లవే. ఈసారి ప్రకటన వచ్చినప్పుడు పేరు ఇవ్వాలనుకునే పిల్లలు ఉంటే, పాస్‌పోర్టు గడువు ఎప్పటివరకు ఉందో ఈ రోజే ఒకసారి తీసి చూసుకోవడం మంచిది.